హస్తవాసి బాబాయ్

మొన్న పనుండి మాచర్ల వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు బస్టాండు బయట మొక్కలమ్మే ఆవిడ దగ్గర కరివేపాకు మొక్క బేరమాడాను. ఆవిడ దిగదు, నేను ఎక్కను. సరేలెమ్మని వెనక్కి తిరగబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపి, "మీ చెయ్యి చానా మంచిదమ్మా, చూడంగానే తెలుస్తా ఉంది. మీ చేత్తో బోణీ చెయ్యండి" అంది.

అంతే, నాకు నవ్వు తన్నుకొచ్చింది. లెక్కల టీచర్ని, యాభై దాటినదాన్ని, నడిబజార్లో ఒంటరిగా నిలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఆవిడ బెదిరిపోయి నేనడిగిన ధరకే మొక్క ఇచ్చి పంపేసింది. బస్సెక్కి, మొక్కని ఒళ్ళో పెట్టుకుని, బస్సు ఊరు దాటాక చూసుకుంటే నవ్వు పోయి ఏడుపు మిగిలింది. ఆ మాట నాతో మొదట అన్న మనిషి పోయి ఏడాది దాటింది.

ఆయన్ని నరసరావుపేటలో మా కాలనీ మొత్తం బాబాయ్ అనేది. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనేవాళ్ళు, ఆయన పలికేవాడు. షామియానాలు, కుర్చీలు, వంటగిన్నెలు అద్దెకిచ్చే షాపు ఆయనది. పెళ్ళయినా, పెద్దకర్మయినా, పార్టీ మీటింగయినా ఆయన కుర్చీలే. మా పల్నాడులో మీటింగంటే కుర్చీలు గాల్లోకి లేవడం కూడా కార్యక్రమంలో భాగమే కాబట్టి, రెండు పార్టీలవాళ్ళూ ఆయన కుర్చీలు సమానంగానే విరగ్గొట్టారు. అందుకని ఆయనకి ఏ పార్టీ మీదా ప్రత్యేకమైన కోపం ఉండేది కాదు.

బాబాయ్ అనుకోగానే నాకు ముందు కనిపించేది ఆయన వీపు. పొట్టి చేతుల తెల్లచొక్కా, వీపు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్న రెండు చేతులు. మా కాలనీ తోటలో ఆయన ఎప్పుడూ అట్లాగే నడిచేవాడు. మెడ మాత్రం ముందుకు చాచి మొక్కల్ని ఒక్కొక్కటే పలకరించేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు మునిసిపాలిటీ నించి ఎవరో పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడనుకుని నమస్కారం పెట్టేవాళ్ళు. నమస్కారానికి కూడా ఆయన చేతులు ముందుకు రాకపోయేసరికి, ఆఫీసరే అని ఖాయం చేసుకునేవాళ్ళు.

అసలు సంగతి వేరు. ఆయన తన చేతుల్ని మొక్కలకి తగలకుండా దాచుకునేవాడు. తోట మొదలుపెట్టింది ఆయన, తోటని నిలబెట్టింది ఆయన, అందులో ఒక్క మొక్క కూడా తన చేత్తో నాటనిది ఆయనొక్కడే.

"నా చెయ్యి మంచిది కాదమ్మాయ్. నేను తాకితే కంపచెట్టయినా ఎండిద్ది" అనేవాడు.

ఆయనది మాచవరం దగ్గర పల్లె. మిరపా పత్తీ వేసే కుటుంబం. చిన్నప్పుడు ఒక ఏడు సరదాపడి నాన్నతోపాటు చేలోకి దిగి మిరపనారు నాటాడట. ఆ ఏడే ముడత తెగులొచ్చి ఆకులన్నీ మడుచుకుపోయాయి. చుట్టుపక్కల చేలన్నిటికీ వచ్చింది గానీ, వాళ్ళ నాన్న చూసుకున్నది తన చేను ఒక్కటే. "వీడి చెయ్యి చేలో పడనీయబాకండి" అనేశాడు. అప్పట్నించి నాట్ల రోజున పొద్దున్నే ఏదో ఒక పని చెప్పి ఆయన్ని మాచర్ల బస్సెక్కించేవాళ్ళు. ఒక ఏడు నాగలి బోల్టు తెమ్మని, ఇంకో ఏడు అక్కడున్న చుట్టానికి జ్వరం ఎట్లా ఉందో చూసి రమ్మని.

"ఆ చుట్టానికి ఎప్పుడూ నాట్లప్పుడే జొరం వచ్చేది. పాపం ఈయన ఒంట్లో ఏందో పెద్ద రోగమే ఉందని నేను గూడా బాధపడేవాణ్ణి" అని చెప్పి పకపకా నవ్వేవాడు.

నాన్న పోయాక పొలం అన్న చేతికొచ్చింది. అన్న మంచివాడే. కానీ నాట్లకి రమ్మని ఆయనా పిలవలేదు, వస్తానని ఈయనా అడగలేదు. పేట వచ్చి షాపు పెట్టుకున్నాడు. "అందుకే ఈ యాపారంలోకి దిగా. కుర్చీలు ఎండవు గదా" అనేవాడు. వెంటనే గొంతు తగ్గించి, "నా చేత్తో పెట్టింది ఒక్కటంటే ఒక్కటి బతికితే చూడాలని ఉంటదమ్మాయ్" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆయన నవ్వేవాడు కాదు.

ఇక తోట సంగతి. లేఅవుటు వేసినప్పుడు పార్కు కోసమని ఒక జాగా వదుల్తారు. వదలడం వరకే వాళ్ళ పని. మా కాలనీ పార్కులో సర్కారు కంప ఏపుగా పెరిగి, దానికింద ఊళ్ళో చెత్తంతా కాపురం పెట్టింది. ఒకసారి ఎవరింట్లోనో పెళ్ళయితే ఎంగిలి విస్తళ్ళు తెచ్చి అక్కడ కుమ్మరించారు. పెళ్ళికి షామియానా బాబాయిది కాబట్టి విస్తళ్ళ పాపం కూడా బాబాయిదేనని కాలనీ మీటింగులో తేల్చేశారు. ఆ మీటింగుకి కుర్చీలు కూడా ఆయనవే.

ఆయనకి రోషం వచ్చింది. "విస్తళ్ళే గదా, నేనే ఎత్తిస్తా" అని షాపులో పనివాళ్ళని తీసుకుని దిగాడు. విస్తళ్ళు ఎత్తించాడు. ఎటూ దిగాం గదా అని కంప కూడా కొట్టించాడు. కంప కింద నేల బయటపడేసరికి ఆగిపోయాడు. మంచి నల్లరేగడి. నేను స్కూలు నించి వస్తుంటే, చేతులు వెనక కట్టుకుని ఆ నేలనే చూస్తూ నిలబడి ఉన్నాడు. "చూడమ్మాయ్, ఇట్టాంటి నేలని పట్టుకుని చెత్త పోస్తారంటే వీళ్ళకి అన్నం ఎట్టా సయిస్తంది?" అన్నాడు. ఆ రోజే అనుకున్నాడట అక్కడ తోట వేయించాలని.

మొదటి ప్రయత్నం అందరిలాగే చేశాడు. మైకు ఆయనదే, షామియానా ఆయనదే. ఆదివారం పొద్దున కాలనీ అంతా కదిలొచ్చింది. తలా ఒక మొక్క నాటి, తలా ఒక ఫోటో దిగి, ఉప్మా తిని వెళ్ళారు. మరుసటి ఆదివారానికి సగం మంది. ఆ పై ఆదివారం బాబాయ్ ఒక్కడే. ఆ తర్వాత గేదెలు రావడం మొదలుపెట్టాయి, అవి మాత్రం మానలేదు. ఫోన్లలో ఫోటోలు పచ్చగా ఉండగానే జాగాలో మొక్కలు అయిపోయాయి.

మనిషి కుంగిపోతాడనుకున్నాం. కుంగలేదు. ఒక సాయంత్రం నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే గుమ్మంలోకొచ్చి, "అమ్మాయ్, ఏదీ చెయ్యి చూపీ" అన్నాడు. ఎర్రసిరా అంటిన చెయ్యి చూపించాను. ఆయన చేతులు వెనకే ఉన్నాయి. వంగి, తల అటూ ఇటూ తిప్పి, నా అరచెయ్యి కాకుండా గోళ్ళు చూశాడు.

"అబ్బో! ఇది వట్టి చెయ్యి కాదు. ఈ చేత్తో పెట్టింది ఎండమన్నా ఎండదు. రేప్పొద్దున వచ్చి ఒక్క బెండగింజ పెట్టి పో. నీళ్ళొద్దు, ఎరువొద్దు. నీ చెయ్యి చాలు."

"నేను బెండకాయలు తరిగితేనే జిగురొదలదు, బాబాయ్. నా చేతిలో ఏముంది?"

"నీకేం తెలుసు? నీ చెయ్యి నీకు కనపడిద్దా?"

వదిలించుకుందామని వెళ్ళి గింజ పెట్టాను. స్కూలుకెళ్ళాక క్లాసులో సమీకరణం చెబుతూ దానికి నీళ్ళెవరు పోస్తారో అనుకున్నాను. మర్నాడు అటుగా వెళ్ళి చూశాను. ఆ మర్నాడు సీసాతో నీళ్ళు పట్టుకెళ్ళాను. ఎందుకంటే ఈ పెద్దమనిషి అప్పటికే టీచరమ్మ చెయ్యి అట్టాంటిట్టాంటిది కాదని కాలనీ అంతా దండోరా వేసేశాడు. మొలవకపోతే పోయేది గింజ కాదు, నా పరువు.

అక్కడ చూస్తే నేనొక్కదాన్నే కాదు. మా ఎదురింటి వెంకాయమ్మ గారు చెంబుతో నిలబడి ఉంది. ఆవిడ కలిపిన ఆవకాయ ఏడాదంతా బూజు పట్టదని పేరు. మోటార్లు బాగుచేసే కరీమ్ భాయ్ ఒక పాత ఆయిల్ డబ్బాతో నీళ్ళు మోస్తున్నాడు. అటు చివర ప్లీడరు గారు, ఇటు చివర కాంట్రాక్టరు గారు. అందరూ ఏదో పనిమీద అటు వచ్చినట్టు మొహాలు పెట్టారు.

వెంకాయమ్మ గారు నన్ను ఎగాదిగా చూసి, "ఏమే టీచరూ, నీక్కూడా చెయ్యి మంచిదనే చెప్పాడా?" అంది.

"మీకు?"

"నాకు నిజంగానే మంచిది గదా" అంది.

నేను ఊరుకోలేక బాబాయిని నిలదీశాను. "ఇదంతా ఏంది బాబాయ్? నీళ్ళు పోస్తే ఏ మొక్కయినా బతుకుద్ది. దానికి చేతులెందుకు?"

"బతుకుద్ది, నిజమే" అన్నాడు తాపీగా. "పోసేదెవరు?"

మర్నాడు నా సీసాకి తోడు ఇంకో సీసా కూడా పట్టుకెళ్ళాను.

తోట నిలబడింది. నిలబెట్టడానికి ఆయన ఇంకో ఎత్తు వేశాడు. మొదటి కాపు వచ్చే సమయానికి ఒక నియమం చెప్పాడు. నాటిన చెయ్యి కొయ్యకూడదట. కోస్తే హస్తవాసి పోతుందట. పక్కవాళ్ళెవరినైనా పిలిచి కోయించుకోవాలి, కోసినవాళ్ళకి సగం ఇవ్వాలి. "ఏ శాస్త్రంలో ఉంది బాబాయ్?" అంటే, "మా మాచవరం శాస్త్రంలో ఉంది. మీ పేటోళ్ళకి ఏం తెలుసు?" అన్నాడు. ఆ శాస్త్రం ఆయన ఆ పొద్దున పళ్ళు తోముకుంటూ రాశాడని నా అనుమానం. కానీ హస్తవాసి ఒకసారి చేతికొచ్చాక పోగొట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

ప్లీడరు గారూ కాంట్రాక్టరు గారూ చెరో పార్టీ. మునిసిపల్ ఎన్నికలప్పట్నించి మాటల్లేవు. బాబాయ్ కావాలనే ప్లీడరు గారి దొండపాదునీ కాంట్రాక్టరు గారి బీరపాదునీ ఒకే పందిరికి పాకించాడు. పందిరి గుంజలు షామియానావే. దొండకాయలు కాసి, ముదిరి, ఎర్రగా పండి చిలకలపాలవుతున్నాయి. ప్లీడరు గారు ఎవర్నీ పిలవరు, ఎందుకంటే పందిరి దగ్గర ఎప్పుడు చూసినా కాంట్రాక్టరే ఉంటాడు. బీరకాయలు కూడా ఇదే దారిలో పీచు పడుతున్నాయి.

చివరికి ఒక పొద్దున ప్లీడరు గారు అటు తిరిగి నిలబడి, పందిరితో చెప్పినట్టు, "దొండకాయలు పండిపోతున్నాయి. కోసేవాళ్ళు కోసుకోవచ్చు" అన్నారు.

కాంట్రాక్టరు గారు కూడా పందిరికేసి చూస్తూ, "బీరకాయలు పీచు పడతన్నయ్యి. కళ్ళున్నోళ్ళకి కనపడతానే ఉంది" అన్నాడు.

కాంట్రాక్టరు గారు దొండకాయలు కోశాడు, ప్లీడరు గారు బీరకాయలు కోశారు. సగం సగం పంచుకున్నారు. ఈ రోజుకీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఇద్దరూ పందిరితోనే మాట్లాడతారు. పిల్లల చదువులూ, బీపీ మాత్రలూ, అన్నీ పందిరికే చెబుతారు. పందిరికి తెలియని విషయం కాలనీలో లేదు.

కరీమ్ భాయ్ వంగమొక్క కథ మా కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన నాటిన మొక్క నల్లవంకాయలు కాస్తూ కాస్తూ ఉన్నట్టుండి వడలిపోయింది. ఎవరికైనా తెలిస్తే పరువేం కాను? పొద్దున్నే ఎవరూ రాకముందు దాన్ని పీకేసి, అంతే ఎత్తున్న ఇంకో మొక్కని ఎక్కడినుంచో కుండీతో సహా తెచ్చి పెట్టేశాడు. అతుకు కనపడకుండా మట్టి కూడా సర్దాడు. మోటారు విప్పి బిగించినంత శుభ్రంగా చేశాడు పని. కొన్నాళ్ళకి దానికి కాయలొచ్చాయి, తెల్లవి, పొడుగ్గా.

అందరం చుట్టూ చేరాం. కరీమ్ భాయ్ ఆకాశం చూస్తున్నాడు. బాబాయ్ వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని, మొక్క చుట్టూ ఒకసారి తిరిగాడు.

"కరీమూ, ఏం చెయ్యిరా నీది! మొక్కని బతికించడమే గాదు, రంగు గూడా మార్చింది!"

కరీమ్ భాయ్ పడీ పడీ నవ్వాడు, మేమూ నవ్వాం. బాబాయ్ మాత్రం మొహంలో ఏమీ కనపడనీయకుండా పక్క మడి చూడ్డానికి వెళ్ళిపోయాడు. ఎవరి పరువూ తీయకుండా నవ్వించడం ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నేను ఆయన్ని అంత ప్రేమించడానికి అదొక కారణం.

ఆ తర్వాత ఏడు తొలకరికి ముందు ఆయనకి గుండెల్లో నొప్పొచ్చింది. గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలన్నారు. వెళ్ళే ముందురోజు సాయంత్రం తోటకొచ్చాడు. మేమంతా ఉన్నాం. చాలాసేపు అటూ ఇటూ నడిచి, మా దగ్గర ఆగి, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"ఒక్కటి నేను పెట్టనా?"

సిగ్గుగానే ఉంది గానీ ఉన్నమాట చెబుతున్నాను, మాకు భయం వేసింది. మా చేతులు మంచివని చెప్పింది ఆయనే, తన చెయ్యి చెడ్డదని చెప్పిందీ ఆయనే. మొదటి మాట నమ్ముకుని తలెత్తుకు తిరుగుతున్నాం, రెండో మాట ఎట్లా కొట్టిపారేస్తాం? పైగా ఆపరేషన్‌కి పోతున్న మనిషి పెట్టింది ఎండిపోతే?

వెంకాయమ్మ గారే తేరుకుంది. "మునగకొమ్మ పెట్టు. మునగ ఎవరు పెట్టినా వచ్చిద్ది. పెట్టకపోయినా వచ్చిద్ది" అంది.

కరీమ్ భాయ్ గబగబా గుంట తవ్వాడు. ఎవరో కొమ్మ తెచ్చారు. బాబాయ్ చేతులు వీపు వెనకనించి ముందుకొచ్చాయి. వాటిని నేను సరిగ్గా చూసింది అప్పుడే. గుంజలూ తాళ్ళూ లాగి లాగి కాయలు కాసిన చేతులు. కొమ్మని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని, షామియానా గుంజ దించినట్టు ఒక్క ఊపున దించాడు. వెంకాయమ్మ గారు పైన పేడముద్ద పెట్టింది. మేం ఆయన మొహం చూస్తున్నాం గానీ కొమ్మని ఎవరం చూడలేదు.

"ఎండితే నాకు ఫోన్ చేసి చెప్పబాకండి. వచ్చి నేనే చూసుకుంటా" అని వెళ్ళిపోయాడు.

ఆ కొమ్మని మేం ఎండనిస్తామా? స్కూలుకి పోతూ నేను ఒక బిందె పోసేదాన్ని. పూజయ్యాక వెంకాయమ్మ గారు ఒక బిందె. మధ్యాహ్నం నమాజు నించి వస్తూ కరీమ్ భాయ్ తన డబ్బాతో. కోర్టు నించి వచ్చి ప్లీడరు గారు, సైటు నించి వచ్చి కాంట్రాక్టరు గారు. ఎవరికి వాళ్ళం మిగిలినవాళ్ళు మర్చిపోయి ఉంటారనుకున్నాం. ఒకరోజు చిగురేమైనా కనిపిస్తుందేమోనని కొమ్మని కొంచెం కదిపాను. చేతిలోకి వచ్చేసింది. అడుగంతా కుళ్ళి మెత్తగా అయిపోయింది.

అందరం గుమిగూడి, ఎవరెన్ని నీళ్ళు పోశామో ఒకరికొకరం చెప్పుకున్నాం. మునగకి నీళ్ళెక్కువైతే కుళ్ళుతుందని మాలో ప్రతివాళ్ళకీ తెలుసు. తెలిసీ అందరం కలిసి ఎంతో ప్రేమగా దాన్ని ముంచి చంపాం.

అదే రోజు గుంటూరు నించి పిన్ని, అంటే బాబాయి గారి భార్య, ఫోన్ చేసింది. "పరీక్షలని పది రోజులు ఆపి నిన్న చేశారు, ఆపరేషన్ బాగా జరిగింది. కళ్ళు తెరవంగానే ఏమడిగాడనుకున్నావ్? కొమ్మ చిగురేసిందా అని. ఏం చెప్పమంటావ్?"

"వేస్తది పిన్నీ, వేస్తదని చెప్పు" అన్నాను.

మర్నాడు తెల్లారకముందే, ఎవరికీ చెప్పకుండా, కొంగు కింద ఒక మునగకొమ్మ దాచుకుని తోటకెళ్ళాను. అక్కడ వెంకాయమ్మ గారు ఉంది. ఆవిడ చేతులు వీపు వెనక ఉన్నాయి, భుజం మీదుగా కొమ్మ పైకి కనిపిస్తోంది. కరీమ్ భాయ్ కూడా చేతులు వెనక పెట్టుకునే వచ్చాడు. ప్లీడరు గారు కొమ్మని న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చారు. కాంట్రాక్టరు గారైతే దాచుకోలేదు, ఏకంగా ఒక మోపు తెచ్చాడు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. నవ్వొచ్చింది గానీ ఎవరం నవ్వలేదు.

ఎవరి కొమ్మ పెట్టాలి? ఎవరి చేత్తో పెట్టాలి? మామూలుగా అయితే దీనిమీద పెద్ద గొడవే కావాలి. కాలేదు. ఒకటి ఎంచుకుని అందరం కలిసి పట్టుకుని దించాం. ప్లీడరు గారి చెయ్యి మీద కాంట్రాక్టరు గారి చెయ్యి పడింది. ఇద్దరూ చెరో దిక్కు చూశారు గానీ చేతులు తీయలేదు. నీళ్ళు మాత్రం వెంకాయమ్మ గారు తప్ప ఎవరూ పోయకూడదని ఒట్లు వేసుకున్నాం.

గుంటూరులోనే ఉండి కోలుకుని నెల తర్వాత బాబాయ్ తిరిగొచ్చేసరికి కొమ్మ నిండా చిగుళ్ళు. డాక్టరు వంగొద్దన్నా వినకుండా దాని ముందు గొంతుకూర్చున్నాడు. కింద నించి పైదాకా, పై నించి కిందిదాకా చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన లేచి, జేబులోంచి ఫోన్ తీసి ఊరికి కలిపాడు.

"అన్నా, నేనే. ఒంట్లో బాగానే ఉందిలే, అది గాదు. నేను పెట్టిన మునగ చిగురేసింది... ఆఁ, నా చేత్తోనే. కావాలంటే వచ్చి చూసుకో."

మేమందరం నేల చూపులు చూస్తూ నిలబడ్డాం.

ఆ వారంలోనే అన్న నిజంగా వచ్చాడు. తలపాగా, చేతికర్ర, మాటకి ముందు దగ్గు. మునగ ముందు నిలబడి చిగుళ్ళని వేలితో తాకి చూశాడు. తమ్ముడి మొహం చూడకుండానే, "ఒరేయ్, వచ్చే వారం మిరప నాట్లు పెట్టుకున్నా. నువ్వొచ్చి మొదటి మొక్క పెట్టు" అన్నాడు.

బాబాయ్ అటు తిరిగి పందిరికేసి చూస్తూ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "వస్తా" అన్నాడు.

ఆయన సంతోషం చూస్తుంటే మా పై ప్రాణాలు పైనే పోయాయి. మా అబద్ధం కాలనీ దాటి అసలు పొలంలోకి పోతోంది. ఈసారి గనక చేనుకి ఏమైనా అయితే? చెప్పేద్దామని నేనన్నాను. "నోరు మూసుకోవే" అంది వెంకాయమ్మ గారు. ఆ కాలమంతా మాకు మిరపచేను తప్ప వేరే ధ్యాస లేదు. కరీమ్ భాయ్ మాచవరం నించి వచ్చే ప్రతి ఆటోవాణ్ణీ ఆపి, "మీ దిక్కు మిరపకి ముడత ఏమన్నా వచ్చిందా?" అని అడిగేవాడు. సెంటు భూమి లేని కరీమ్ భాయ్‌కి మిరప మీద ఇంత శ్రద్ధ ఎందుకో వాళ్ళకి అర్థమయ్యేది కాదు.

కాయ పండే వేళకి బాబాయ్ లేడు. చలికాలంలో ఒక పొద్దున షాపు ముందు కుర్చీలో కూర్చుని, అట్లాగే వెళ్ళిపోయాడు. పేట పేటంతా వచ్చింది. రెండు పార్టీలవాళ్ళూ ఆయన కుర్చీల్లోనే పక్కపక్కన తలలు వంచుకు కూర్చున్నారు. నేను బాగా ఏడ్చాను.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి, ఇక కడుపులో దాచుకోలేక పిన్ని దగ్గరికి వెళ్ళాను.

"పిన్నీ, ఆ మునగ బాబాయ్ పెట్టింది కాదు."

"తెలుసులే" అంది పిన్ని, చింతపండులో గింజలు తీసుకుంటూ.

"ఎవరు చెప్పారు?"

"ఆయనే. నాట్లయినాక ఊరినించి తిరిగొస్తా బస్సులో చెప్పాడు. ఆయన కొమ్మని తలకిందులుగా పాతాడంట. గుంజ పాతే అలవాటు గదా, సన్నపక్క కిందికి దించాడు. గుంటూరు పోతా పోతా దార్లో గుర్తొచ్చిందంట. వచ్చి చూస్తే మీ కొమ్మ తిన్నగా ఉంది."

"తెలిసీ వాళ్ళన్నకి ఫోన్ చేశాడా?"

"నేనూ అదే అడిగా. ఇంతమంది నా కోసం అబద్ధమాడినాక నేనొక్కణ్ణి నిజం చెప్తే ఏం బాగుంటది అన్నాడు."

"మరి పొలంలో మొక్క పెట్టడానికి భయపడలా?"

"భయపడ్డాడు. అయినా పెట్టాడు. పెట్టి గట్టెక్కుతాడనుకున్నాం, ఎక్కలా. కూలోళ్ళ వెంట సాలు పట్టుకుని నాటతానే ఉన్నాడు. వాళ్ళన్న, ఇంక చాల్లేరా, డాక్టరు వద్దన్నాడు గదా అంటే, డాక్టరు బరువులెత్తొద్దన్నాడు గానీ మిరపనారు ఎత్తొద్దన్లేదు అన్నాడు. ఎండ నడినెత్తికొచ్చిందాకా ఆయన్ని గట్టెక్కించలేకపోయినాం."

"అవి బతికినయ్యా పిన్నీ?"

పిన్ని చింతపండు పక్కకి పెట్టి చెయ్యి తుడుచుకుంది.

"నిన్న ఊరినించి మా బావగారు ఫోన్ చేశాడు. చేనంతా ఎర్రగా పండిందంట. తమ్ముడు పెట్టినయ్యి ఏవో చూసుకుందామని పొద్దున్నుంచి సాళ్ళెంబడి తిరిగాడంట. గుర్తు పట్టలేకపోయినానమ్మా, అన్నీ ఒకటే మాదిరి కాసినయ్యి అని ఏడ్చాడు."